మార్పిడి చదువు

రెంజల్‌లో ఇంటి అరుగు మీద బీడీలు చుడుతున్న హన్మవ్వకు, వీసా ఆఫీసు నుంచి వచ్చిన కూతురి మొహం చూడగానే సంగతి అర్థమైంది.

"ఏమన్నరు బిడ్డా?"

"పోతే మల్ల తిరిగొస్తనన్న నమ్మకం లేదన్నరవ్వ."

"గా తెల్లపిల్ల ఈడికొస్తే నువ్వు ఆడికి పోతవని కాలేజోళ్లే చెప్పిరి గద! ఆమె ఆర్నెల్లు మనింట్ల ఉండె. తిరిగి పోతవా అని ఆమెనెవలన్న అడిగిండ్రా?"

"అడగలే. నీ దగ్గర బీడీలు చుట్టుడు నేర్సుకొని, వాళ్ల కాలేజీల దానిమీదనే రాసి ఫస్టొచ్చింది."

"మరి మీ సారేమన్నడు?"

"ఇంకో పిల్లొస్తుందట. మల్ల మనింట్లనే పెట్టుకోమన్నడు."

హన్మవ్వ చేతిలోని బీడీకి చుట్టిన దారాన్ని పుటుక్కున తెంపింది.

"రమ్మను. బువ్వ పెడ్త, నీ మంచమిస్త. బీడీలు చుట్టుడు మాత్రం సచ్చినా నేర్పియ్య."