బాయిల బల్బు కింది చెట్టు

మీ తాత రాయమల్లు బొగ్గు బాయిల చెట్టు పెంచిండని ఎవలు చెప్పిండ్రు నీకు? కూసో బిడ్డా, యాదికున్నప్పుడే చెప్త. మొన్న చెప్పిన్నా? చెప్తే చెప్పిన తియ్, మళ్లొకపారి విను. అరవై తొమ్మిదో డెబ్బయ్యో, గోదావరిఖని అప్పుడు గింత లేదు. మా కోటరు, మీ తాత కోటరు గోడకు గోడ. ఆయన బాయి లోపల మోటరు నడిపేటోడు, ఊట నీళ్లు పైకి తోడే మోటరు. దాని కాడ ఒక్కటే బల్బు. ఆ బల్బు కింద తడి గోడకు చెట్టు మొలిచింది. చెట్టంటే ఏమున్నది, జానెడు. ఈకల లెక్క ఆకులు, పువ్వు లేదు, కాయ లేదు. దానికి కొంచెం మీద, కప్పు రాతిల గసొంటి ఆకే, ఏ కాలందో, రాయై అచ్చు గుద్దినట్టు. ఇగ మీ తాత ఒకటే చెప్పుడు, "పాత అడివి మళ్లొస్తున్నదే. రాయిలకెళ్లి మొలిచింది. బొగ్గంత చిగురు పెడ్తది సూడు" అని. మీ నాయనమ్మ మల్లక్క, "పెట్టనియ్యి, తవ్వుడు బంజేసి కోసుకరా, కూర ఖర్చన్న తప్పుతది" అనేది.

షిఫ్టు పని చూసే ఓవర్‌మన్ సారు చూసి నవ్విండట. ఆయన పేరు... నాలిక మీదనే ఉన్నది, పోనీ. "రాయిలకెళ్లి రాలే రాయమల్లూ. వీటికి గింజ ఉండది, ఆకు కింద పొడి ఉంటది. కప్పు కూలకుండ నిలబెట్టే టేకు దుంగలున్నయి గద, ఆ పొడి అడివిల వాటికి అంటుకొని వాటితోనే దిగింది" అన్నడు. మీ తాత ఊకుంటడా, "నేను గూడ దుంగల బండెక్కే వచ్చిన సారూ, ఊరికెళ్లి" అన్నడట.

నేనప్పుడు లైబ్రరీకి పోయి దొరికింది దొరికినట్టు చదివేదాన్ని. ఒక పుస్తకంల ఉన్నది, బొగ్గు కాకముందు అడివి ఉన్నప్పుడు గూడ పెద్ద చెట్ల నీడల గిసొంటివే ఉండేనట. ఇంతంత వెలుగుతోనే బతుకుడు నేర్చుకున్నయి. ఆ పెద్ద చెట్ల జాతులన్ని పోయినయి, కొత్త జాతులొచ్చినయి. ఇవి మాత్రం వాటి కిందికి జరిగి కూసున్నయి, మేనేజర్లు ఎందరు మారినా కుర్చీ ఇడువని గుమస్తా లెక్క. మీ తాతకు చెప్తే, "అయితే దీని లెక్కకు నా బల్బు గూడ ఒక పెద్ద చెట్టే" అని మురిసిండు.

మురిసిండు గని దగ్గు ఎక్కువైంది. బాయి దిగొద్దు, సర్ఫేస్ డ్యూటీ, అంటే పైన పని, చేసుకోమన్నరు దవాఖానల. గప్పుడే ల్యాంపు రూంల ఒక జాగ ఖాళీ అయింది. కూసోని బాయి దిగేటోళ్లకు దీపాలిచ్చుడు, ఎక్కినంక తీసుకునుడు, అంతే. ఆ జాగ కోసం అందరు మొక్కులు మొక్కుతుంటే, సారే పిలిచి మీ తాతను అడిగిండు. ఈయన నలుగురి ముంగట ఏమన్నడు? "ఇప్పుడొద్దు సారూ. నా జాగలకొచ్చేటోడు బల్బు బంజేస్తడు, చెట్టు సస్తది."

మల్లక్క మా ఇంటికొచ్చి కూసున్నది. ఏడ్వలే. "అనసూర్యా, నాకు సవతొచ్చిందే, అది గూడ జానెడు" అన్నది. చెట్టు పైకొస్తే మనిషి పైకొస్తడని ఆమె ఆలోచన. తీతును బతిమాలింది. తీతంటే ఇంకో షిఫ్టుల అదే మోటరు నడిపేటోడు, ఆదివారం చర్చి తప్పని పిలగాడు, మంచోడు. మట్టితోని పెకిలించి టిఫిన్ గిన్నెల పెట్టుకొచ్చిండు. గిన్నెలు కడిగే జాలారి కాడ నీడకు నాటినం.

మీ తాత డ్యూటీ దిగొచ్చి చూసిండు. కాళ్లు కడుక్కొని కొన్ని నీళ్లు దాని మీద చల్లిండు. తెల్లారి సారు దగ్గరికి పోయి, "పైన డ్యూటీ చేస్త సారూ" అన్నడు. సారు, "నువ్వద్దంటివి గదయ్యా. తీతుకు ఇచ్చేసిన" అన్నడు.

తీతు అడిగి తీసుకోలే బిడ్డా, పాపం. మా ఇంటి ముందటికొచ్చి ఎన్ని తీర్ల చెప్పుకున్నడో. ఇగ మీ తాత దిగేటప్పుడల్లా కిటికీలకెళ్లి దీపమిచ్చేది తీతే. ఇచ్చుకుంట తల వంచుకొని అడిగేటోడట, "అన్నా, చెట్టెట్లున్నది?"

"దానికేందిరా, సర్ఫేస్ డ్యూటీ దొరికింది" అని, దీపం బ్యాటరీ నడుముకు కట్టుకొని, దగ్గుకుంట దిగేటోడు మీ తాత. కొన్నేండ్లు దిగిండట్లనే. ఎనుకసీరి ఆ దగ్గే... ఏమో బిడ్డా. మబ్బు పట్టింది, ఆ తీగె మీది బట్టలు తీసుకరాపో.