వెనక గోడ మీది సుద్దగీత

1991 జూన్ మూడవ తేదీ, సోమవారం ఉదయం, మన నౌకాశ్రయ కార్యాలయపు కంప్యూటరు విభాగంలో ప్రోగ్రామరుగా చేరిన నాడు, ఈ నెల ఉపవిభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్న మేడమ్ గారికి దక్కిన ఆస్తి ఒక కాలు పొట్టిదైన బల్ల, కిందకు వేలాడే వైర్ల గుత్తి, "ఈ అమ్మాయి ఎన్నాళ్లుంటుందో చూద్దాం" అని చెవులు కొరుక్కునే ముగ్గురు సీనియర్లు. వారిలో ఇద్దరు నెల తిరగకముందే తమ సందేహాలు ఆవిడ బల్ల దగ్గరే తీర్చుకోసాగారు. మూడోవారికి బింకం ఎక్కువ గనుక ఏడాది పట్టింది.

తొలి ఐదేళ్లు ఓడల రాకపోకల పట్టికలతో గడిచాయి. 1996లో పెద్ద క్రేనును కంప్యూటరుతో తిప్పాలన్న సంకల్పం కలిగినప్పుడు, ఆ బాధ్యతను స్వీకరించడానికి అందరూ వెనుకంజ వేయగా, ఆవిడ మాత్రం తడుముకోకుండా ముందుకు వచ్చారు. క్రేను ఇరుసు ఒక బిందువు, పెట్టె దిగవలసిన చోటు మరొక బిందువు. ఆ రెండింటి మధ్య అడ్డం తేడా, నిలువు తేడా తీసుకుని కోణం కట్టి, చేయి ఎన్ని డిగ్రీలు తిరగాలో చెప్పే ప్రోగ్రామును నాలుగు నెలల్లో సిద్ధం చేశారు. నలభై చోట్ల పరీక్షిస్తే నలభై చోట్లా పెట్టె గీసిన గడిలోనే దిగింది. "కోణాలమ్మ" అన్న ముద్దుపేరు అప్పుడు పుట్టిందే.

అయితే 1998లో ఒక మధ్యాహ్నం, పది డిగ్రీలు జరగవలసిన చేయి మూడు వందల యాభై డిగ్రీలు వ్యతిరేక దిశలో చుట్టి వచ్చి తూకం షెడ్డు పైకప్పును ఎగరగొట్టింది. అందరూ భోజనాలకు వెళ్లి ఉండబట్టి ప్రాణాలు దక్కాయి. నేరం క్రేను నడిపిన ఆపరేటరు గారి మీద పడింది. శుక్రవారం నాటి విచారణలో నిర్లక్ష్యం రుజువైతే ఆయన లైసెన్సు రద్దవుతుంది. ప్రోగ్రాములో ఏ లోపమూ లేదని తొలిరోజునే సంతకం చేసి ఇచ్చింది మేడమ్ గారే.

సంతకమైతే పెట్టారు గానీ మనసు ఊరుకోలేదు. బుధవారం ఆపరేటర్ల విశ్రాంతి గదికి వెళ్లి ఆయన ఎదుట కూర్చున్నారు.

"అన్నా, ఆ రోజు ఏం జరిగిందో ఒక్కసారి చెప్పండి."

"ఏముందమ్మా చెప్పడానికి? ఎదురుగా పెట్టమంటే బుద్ధిగా పెడుతుంది. సరిగ్గా వెనక్కి పెట్టమన్నప్పుడే దానికి పిచ్చెక్కింది. నా మాట ఎవరు వింటారులే."

ఆ మాటతో ఆవిడకు పాత పరీక్షల పట్టిక గుర్తొచ్చింది. పరీక్షించిన నలభై చోట్లూ క్రేనుకు ఎదురుగానో పక్కలనో ఉన్నవే. వెనక భాగం అప్పట్లో ఖాళీ నేల. తిరిగి వచ్చి గది నడుమ నిలబడి, చేయి చాచి, వెనక గోడ వైపు తిరిగి చూసుకున్నారు. ఎదుటి దిక్కు సున్నా అనుకుంటే, ఒక పక్క కోణాలు నూట ఎనభై దాకా పెరుగుతాయి, రెండో పక్కవి మైనస్ నూట ఎనభై దాకా దిగుతాయి. రెండూ కలిసేది సరిగ్గా వీపు వెనక. నూట డెబ్బై ఐదు నుంచి మైనస్ నూట డెబ్బై ఐదుకు దూరం పది డిగ్రీలే. ప్రోగ్రాము మాత్రం అమాయకంగా తీసివేత చేసి మూడు వందల యాభై అన్నది. దిద్దుబాటుకు రెండంటే రెండు వరుసలు సరిపోయాయి.

"సరిచేశారు కదమ్మా, ఇంక దాన్ని కదపడం దేనికి?" అన్నారు, శుక్రవారం ఆవిడ చెప్పిందంతా విన్న విచారణాధికారి. "మీ ప్రమోషను ఫైలు కూడా నా బల్ల మీదే ఉంది."

"ఉండనివ్వండి సర్. ఆయన నొక్కింది సరైన మీటే. తప్పు లెక్క నాది, సంతకమూ నాదే."

సోమవారం ఆపరేటరు గారు మళ్లీ క్రేను ఎక్కారు. ప్రమోషను రెండేళ్లు ఆలస్యంగా వచ్చింది. బాధ లేదా అని అడిగితే, "కోపం ఉంది, కానీ నిద్ర కూడా పడుతోంది" అన్నారట.

ఆ నాటి నుంచి మన విభాగంలో చేరిన ప్రతివారూ గది నడుమ నిలబడి, చేయి చాచి, వెనక గోడ మీద ఆవిడ గీసిన సుద్దగీతను దాటి దగ్గరి దారిన తిరిగి చూపితే గాని కుర్చీ దక్కేది కాదు. "ఎదురుగా ఉన్నవి ఎవరైనా చూస్తారు, వెనక చూశావా?" అన్న ఆవిడ ప్రశ్నకు భయపడని వారు లేరు. ఇంత ఘనత వహించిన ఉపవిభాగాధిపతి గురించి వారి అత్తగారి అభిప్రాయం వేరు: "లోకంలోని కోణాలన్నీ తెలుసు మా కోడలికి. దుప్పటి మడత పెట్టమంటే మాత్రం నాలుగు మూలలూ నాలుగు దిక్కులు పోతాయి." ఆ దుప్పట్లు ఇన్నేళ్లుగా మడత పెడుతున్న భర్తగారికి కూడా ఈ సంచిక ముఖంగా అభినందనలు.

ఈ వ్యాసం కోసం, పదవీ విరమణ చేసి పదేళ్లయిన ఆపరేటరు గారిని రెండు మాటలు అడిగాం. "ఆ రోజు ఆ తల్లి నోరు మెదపకుండా ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆ తర్వాత పదిహేడేళ్లు తలెత్తుకుని క్రేను ఎక్కాను. నా ఆయుష్షు కూడా పోసుకుని చల్లగా నూరేళ్లు బతకాలని రాయండి" అన్నారు.

అలాగే రాశాం. దానికి చేర్చగలిగినది మా దగ్గర ఒక్కటే ఉంది: వచ్చే నెల గదికి రంగు వేస్తారు, ఆ గీత ఉన్న మేర మాత్రం ఎవరినీ ముట్టనివ్వం.