బీబమ్మ కట్టిన కామెర్ల దండ

"నాయనమ్మా, పచ్చకామెర్లొత్తే పూర్వం తలమీద పుల్లల దండ ఏసీవోరంట, నిజమేనా?"

నిజమేటే, ఈ నెత్తిమీదే ఏసేరు. కూకో, సెప్తాను. ఆ ఫేను కాత్త తగ్గించు ముందు, నా గొంతు నాకే ఇనపడదు.

నాను కాపరానికొచ్చిన ఏడది. యుద్దం రోజులు. కిరసనాయిలు దొరికీది కాదు, దీపాలెట్టకముందే అన్నాలు తినేసీవోల్లం. బెల్లం మాత్రం... అబ్బ, అప్పటి బెల్లం రుసే వేరు. ఇప్పుడు మీరు తింటన్నది బెల్లవేటి, రంగు! సరే, ఏటి సెప్తన్నాను? ఆఁ, కాపరం. మా అత్త, అదే, మీ తాత తల్లి, సచ్చి ఏ లోకానున్నాదో గానీ, గాలిక్కూడా పని సెప్పీ మనిషి. మీ తాతా? తల్లి ముందు నోరిప్పితే ఒట్టు. నోట్లో నాలిక నేని మనిషి.

చెరుకు గానుగాట మొదలైతే ఇంక సూడు. ఎద్దులు గానుగ తిప్పీవి, మొగోల్లు పేద్ద బెల్లం పెనంలో రసం కాసీవోరు. మరి ఆడోల్లకి? చెరుకు పిప్పి మొయ్యడం, ఎండబెట్టడం, పెనం కింద మంటలోకి ఎగెయ్యడం, మల్లీ కూలోల్లందరికీ వంట. అలాటప్పుడు నాకు వాంతులట్టుకున్నాయి. కల్లు పసుపు నీల్లలాగైపోయేయి. మా అత్తేటన్నాదో తెలుసా? "కొత్త కోడలికి ఒల్లొంగక కల్లకి పసుపు రాసుకున్నాది" అన్నాది. ఓలమ్మ, కల్లకెవలైనా పసుపు రాసుకుంటారేటి!

నాకైతే సావు భయమట్టుకున్నాది. ఎందుకంటే మా కన్నోరిది రాయవరం వైపు కదా, మా పిన్ని కూతురు, నా తోటిదే, కామెర్లతోనే వరి కోతకెల్లి ఆ సేలోనే కూలిపోయి, మరి లేగనేదు. నానూ అంతే, ఈ పెనం కాడే పోతాను అనుకున్నాను. అనుకున్నట్టే ఓ పొద్దున్న పిప్పి ఎగేత్తా ఎగేత్తా కల్లు తిరిగి పడిపోయేను. కుడి పక్కకి పడ్డాను కాబట్టి సరిపోయింది. ఎడం పక్కనైతే సలసలా కాగతన్న పెనం.

అప్పుడు భయమేసింది మా అత్తకి. బండి కట్టించి అనకాపల్లి తీసుకెల్లింది. బజార్లో సాయిబుగారి మూలికల కొట్టుండీది. ఆకూ వేరూ ఆయనమ్మీవోడు, మందిచ్చీది మాత్రం ఆయన పెల్లాం బీబమ్మ. తెల్లగా, పొట్టిగా, నోట్లో ఎప్పుడూ తాంబూలం. ఎంత తెలివైందే ఆవిడ! నా కంటి రెప్ప తిప్పి సూసింది, గోర్లు సూసింది. మా ముందే నేల ఉసిరి నూరి, మజ్జిగలో కలిపి తాగించింది. తరవాత తెల్ల గలిజేరు కాడలు ముక్కలు సేసి, దారంతో ముడేసుకుంటా కూకున్నాది. ముడికో మాట అనుకోడం, ఉఫ్ఫని ఊదడం. "నాకు మా అల్లా, నీకు మీ నూకాలమ్మ, ఇద్దరూ సూత్తారులే బేటీ" అనీసి ఆ దండ నా నెత్తిమీదెట్టింది. కిరీటంలాగ ఇంతే ఉన్నాది.

అప్పుడు మా అత్తకేసి తిరిగింది. "ఇదిగో అమ్మా, రోజూ ఈ దండ కాత్త కాత్త సాగి కిందకి దిగుతాది. దాంతోబాటే రోగమూ దిగుతాది. పాదాలు దాటీదాకా ఈ పిల్ల పొయ్యి ముట్టకూడదు, బరువెత్తకూడదు. ముట్టిందా, దండ ఆగిపోద్ది. ఆగితే ఆ రోగం ఇంట్లో పెద్ద ఆడమనిషికెక్కుద్ది" అన్నాది.

ఇంకేటి! మా అత్త కాలు కాలిన పిల్లైపోయింది. పొద్దున్న లేగిసిన కాణ్ణుంచి "ఏదే, నిలబడు, ఎంతదాకా దిగిందో సూత్తాను" అనడమే. సెంబుతో చెరుకు రసం తనే తెచ్చిచ్చీది. నూనె సుక్క తగలనీకుండా పెరుగన్నం కలిపెట్టీది. ఓసారి సీపురు తీద్దామని ఒంగేను, "తొంగోవే ముండా, నన్ను సంపుతావేటి!" అని అరిసింది. ఆ ఇంట్లో నన్ను తొంగోమన్నది అదే మొదలు.

దండ నడుం దాకా వచ్చి దిగనంటాది. నాకు ఆకలేత్తన్నాది, కల్లు తెల్లబడతన్నాయి, దండ మాత్రం కదలదు. మల్లీ బండి కట్టేం. మా అత్త కొట్లో సాయిబుగారితో మాటాడతంటే, దండెందుకు దిగడం నేదని నాను లోపల మెల్లిగా అడిగేను. బీబమ్మ నవ్వింది. "పచ్చి కాడలైతే బేగి ఆరి సన్నబడతాయి, ముడి వొదులై దండ సర్రుమని దిగుద్ది. మర్నాడే మీ అత్త నిన్ను పెనం కాడ కూకోబెడతాది. అందుకే సగం ఆరినవి సూసి కట్టేను. ఆకు నీ రోగానికి, దండ మీ అత్తకి" అన్నాది.

"మరి ఆ ఊదడమంతా ఉత్తిదేనా?" అన్నాను.

"ఉత్తిదెందుకౌద్ది? నువ్వు బతకాలని ముడి ముడికీ అడిగేను కదే" అన్నాది. నాకు ఏడుపొచ్చేసింది. కన్నతల్లి కూడా అలాగడగదు.

ఆకరికి దండ పాదాలు దాటింది. దాన్ని మా ఊరి పక్క శారదా ఏట్లో ఒగ్గేసేం. అప్పటికి గానుగాట కూడా అయిపోయింది. మా అత్తకి మాత్రం ఈ సంగతి నాను సెప్పనేదు, సెప్తే బతకనిత్తాదేటి!

తరవాత సానా ఏల్లకి, మీ నాన్న పుట్టేసేడు అప్పటికి, మల్లీ గానుగ రోజులే. మా అత్త పిప్పి మోపు దింపి అక్కడే కూలబడిపోయింది. ఒల్లు సూత్తే జొరం నేదు. కల్లు సూత్తే తెల్లగానే ఉన్నాయి. "ఏటత్తా, ఏటైంది?" అన్నాను. నా కేసి సూడకుండా, "ఏటిగట్టున గలిజేరుంటాది కదే. నాకూ ఓ దండ కట్టు" అన్నాది. సరేనని లేగిసేను. గుమ్మం దాటతంటే ఎనకనించి మల్లీ పిలిసింది.

"పచ్చివొద్దే. కాత్త ఆరినవి సూసి కట్టు."

ఓలమ్మ! అన్నీ తెలుసే ఆ మనిషికి. ఎప్పుణ్ణించి తెలుసో. తెలిసే నాకు రసం మోసింది. తనకి మాత్రం ఆ దండ ఎవలు కట్టేరు? కట్టేను. ముడి ముడికీ మా నూకాలమ్మనీ, బీబమ్మ అల్లానీ, ఇద్దర్నీ అడిగేను.

అదుగో, నీ కల్లకింద నలుపు సూడు. బస్సెక్కి ఆపీసు, బస్సు దిగి వంట. ఇలా నా ఒల్లో తలెట్టు, తొంగో. ఎవలైనా లేపితే మా నాయనమ్మ దండేసిందని సెప్పు. సల్లగుండు తల్లీ... తొంగో...