వీధివైపు అద్దాలు

ఎచ్చెర్లలో కొత్త డాబా. వీధి గదిలో కిటికీకి ఎదురుగా, తలవైపు ఎత్తు పెట్టిన మంచం మీద, మెడకి పట్టీతో యమున. గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన, పేపర్లు అంటించి ఉన్న అద్దాల కిటికీ దగ్గర ఆమె భర్త ధర్మేంద్ర.

“పేపరు తీసీమంటావా మరి?”

“ఇప్పుడెందుకు బావా. ఉండనీ.”

“అద్దాలు బిగించీసేరు గదా. ఇంకా పేపరేటి?”

“ఎండ కొడతాది.”

“ఉత్తరం వైపు ఎండెక్కడిదే?”

“దుమ్ము...”

“అద్దంలోంచి దుమ్మొస్తాదేటి! ఒసే, నచ్చలేదా?”

“బాగుంది. బాగుంది బావా. శానా బాగుంది.”

“ఇన్నిసార్లు అన్నావంటే నచ్చనట్టే.”

“అది గాదు...”

“కొత్తిల్లు, గోడ కొడితే పగుళ్ళొస్తాయని అప్పలసూరి మేస్త్రి ఎంత మొత్తుకున్నాడు! నేనే ఇన్లేదు. ఆస్పత్రి నుంచి వచ్చిన కాడ్నుంచి నువ్వేటన్నావు? పైన ఫ్యాను తప్ప ఏటీ కనిపించట్లేదు, పిచ్చెక్కుతంది అన్నావా లేదా?”

“అన్నాను.”

“ఏడ్సావు కూడా.”

“ఏడ్సాను. నాదే తప్పు.”

“తప్పని ఎవులన్నారు? కిటికీ ముందుకి జరిపి కట్టించాను గాబట్టి మూడు పక్కలా కనిపిస్తాది. ఇటు బస్టాపు, అటు ధనలక్ష్మత్త టిఫిన్ కొట్టు, కాలేజీ పిల్లలు... నేను డ్యూటీకెళ్ళినా నీకు పొద్దుపోతాది. తీసీస్తన్నాను.”

“వద్దు బావా, ఆగు... ఆగమంటన్నాను గదా!”

“అయిపోయింది. అదిగో, సూడు! దుర్గొదిన! సెయ్యూపుతంది.”

“దుప్పటి సరిజెయ్యి. బేగి! మంచం కింద యూరిన్ బ్యాగు కనిపిస్తాది. గుడ్డ కప్పు బావా.”

“రోజూ మజ్జానం నీకు అన్నం పెట్టీదే గదా. దుర్గేటి పరాయిదా?”

“బస్టాపోళ్ళో? ఆ పిల్లలు ఆగిపోయారు, సూడు. ఇటే సూస్తన్నారు.”

“...కర్టెన్ తెస్తాను. రేపే తెస్తాను.”

“నువ్వెళ్ళిపోయాక ఎవులేస్తారు? నా సెయ్యి లేస్తాదా?”

“పొద్దున్నే నేనే ఏసీసి ఎల్తాను.”

“అప్పుడు మళ్ళీ గోడే గదా బావా.”

“కొట్టీసేను యమునా. కొట్టీసి కట్టించీసేను. ఇప్పుడు నన్నేటి సెయ్యమంటావు?”

“ఏటీ వద్దు. నువ్వు మాత్రం ఏటి సేస్తావు.”

“కొత్తలో సూస్తారే. నాల్రోజులు పోతే ఎవులూ పట్టించుకోరు. అందాకా, ఎవులైనా అలాగ సూస్తే... మొఖం పక్కకి తిప్పీసుకో.”

“ఎలగ తిప్పుకోవాల బావా?”