కత్తెర తెచ్చారు, రిబ్బన్ తేలేదు

బొంగరం, నీ సంగతే రాస్తున్నానమ్మా. ఒక్కచోట నిలవవని ఆ పేరు పెట్టింది మీ నాయన. కానీ ముందు నా పేరు, ఊరు రాయాలని విచారణకు వచ్చిన మేడమ్ చెప్పారు.

నా పేరు సున్నం కన్నమ్మ. భర్త పేరు పగిడయ్య. వయసు నలభై ఆరు ఉంటుంది. చర్ల మండలంలో వాగు అవతల ఇప్పలగూడెం మా ఊరు. పోడు, కూలి, ఎండాకాలం తునికాకు, ఇదే మా పని. ఇంట్లో మేము కోయలో మాట్లాడుకుంటాం. ఇది మూడో తరగతి దాకా బడిలో నేర్చుకున్న తెలుగు. అక్షరాల్లో తప్పులుంటే దిద్దుకోండి. సంగతిలో తప్పు లేదు, దాన్ని దిద్దవద్దు.

వాంగ్మూలం నేనే ఎందుకు రాస్తున్నానో కూడా చెప్పాలి. మొదట స్టేషన్‌లో ఒక సారు రాశారు. చదివి వినిపించమన్నాను. "నీటి ఉధృతి వల్ల, కుటుంబ సభ్యుల జాప్యం వల్ల" అని చదివారు.

"జాప్యం అంటే ఏంది సారూ?"

"లేటు చేసిండ్రని అమ్మా. జల్దీ వేలిముద్ర ఎయ్యి, మళ్ల కరెంటు పోతది."

సిరా పూసిన వేలును చీరకు తుడుచుకుని బయటికి వచ్చేశాను. ఆ మరక చీర మీద ఇంకా ఉంది.

మా అమ్మాయి వనజ, ఇంట్లో బొంగరం అంటాం. వయసు ఇరవై ఒకటి. మా ఊరి అంగన్‌వాడీలో పిల్లలకు వండి పెట్టేది. ఎవరు కనబడినా మొదట "తిన్నరా?" అనే అడిగేది. పోలీసు క్యాంపు వాళ్లు కనబడినా అదే అడిగేది, గొడ్లు కాసే వాళ్లు కనబడినా అదే అడిగేది.

మొన్న శ్రావణంలో గోదావరి ఎగదన్ని మా వాగులోకి నీళ్లు వచ్చాయి. ప్రతి ఏడూ వస్తాయి. శుక్రవారం పొద్దున అంబలి తాగే వేళకు వనజ అంగన్‌వాడీ వెనక కట్టెల మోపు లాగింది. తాచుపాము కాలి మడమ పైన కరిచింది. బిడ్డ అరవలేదు. "అమ్మా, పాము కుట్టింది, పిల్లల్ని ఇటు రానియ్యకు" అన్నది. దాని తండ్రి మంచం నవారు ముక్క కోసి కాలికి కట్టాడు. నలుగురు అదే మంచం మీద దాన్ని ఎత్తుకున్నారు. పరుగున రేవుకు వచ్చాం. దారిలో ఎక్కడా మంచం దించలేదు. ఇందులో జాప్యం ఎక్కడుందో నాకు చూపించండి.

రేవులో వరద బోటు ఉంది. కొత్తది, నారింజ రంగుది. వెనక మోటారు బిగించి ఉంది. నడిపే అబ్బాయి శివ, ఇన్‌చార్జి అనిల్‌కుమార్ సారు అక్కడే ఉన్నారు. అవతలి ఒడ్డున అంబులెన్స్ వచ్చి నిలబడింది. దాని మీద దీపం తిరుగుతుంటే మాకు కనబడుతూనే ఉంది.

శివ మోటారు తాడు పట్టి లాగాడు. మోటారు గుర్రుమని ఊరుకుంది. మళ్లీ లాగాడు. మళ్లీ ఊరుకుంది. "పెట్రోలున్నదా చూడు" అన్నాడు సారు. డబ్బా నిండా ఉంది. "మూత మీది గాలి మర తిప్పినవా?" తిప్పే ఉంది. పైపు మధ్య రబ్బరు బుడ్డిని శివ గట్టిగా అయ్యేదాకా పిసికాడు. పెట్రోలు వాసన గుప్పుమంటోంది, మోటారు మాత్రం అందుకోవడం లేదు. "ప్లగ్గు తీయ్" అన్నాడు సారు. శివ ప్లగ్గు విప్పి చొక్కాకు తుడిచి, అగ్గిపుల్ల వెలిగించి వేడి చేసి మళ్లీ బిగించాడు. తాడు లాగాడు. గుర్రుమన్నది, ఊరుకుంది. మోటారు ముందు భాగంలో ఎర్ర బొత్తాం ఒకటి ఉంది. దాన్ని కూడా నొక్కాడు, లాగాడు, నొక్కాడు. అతని అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. శివ మీద నాకు కోపం ఏమీ లేదు. ఆ అబ్బాయికి ఆ మోటారును ఎవరూ ఒక్కసారి కూడా నడిపి చూపించలేదు.

వనజ రెప్పలు వాలిపోతున్నాయి. "నిద్ర కాదే అమ్మా, తెరుసుకుంటలేవు" అన్నది. వేలితో రెప్ప పైకెత్తి శివను చూసింది.

"తమ్మీ, తిన్నవా?"

"లేదక్కా" అని శివ ఏడుస్తూ మళ్లీ తాడు లాగాడు.

అనిల్‌కుమార్ సారు తిన్నాడు. బోటు అంచున కూర్చుని పేపరు పొట్లం విప్పి పూరీలు తిన్నాడు. తింటూ ఫోన్లో పెద్ద సారుకు చెప్పాడు, "పేషెంటును ఎక్కించినం సార్. బోటు మూవ్‌మెంట్‌ల ఉన్నది సార్." బోటు మద్దిచెట్టుకు కట్టేసి ఉంది. నా బిడ్డ ఒడ్డు మీద మంచంలో ఉంది. ఆయన వేళ్లకు ఆలుగడ్డ కూర అంటుకుని ఉంది. ఆ వేళ్లు ఇప్పటికీ అన్నం ముందు కూర్చుంటే నాకు కనబడతాయి. అది కోపం కాదు మేడమ్. రోత.

నా పెనిమిటి ఆయన ముందుకు వెళ్లి, "సారూ, నా దోనె ఉంటే ఈపాటికి దాటిచ్చేటోన్ని" అన్నాడు. మాకు తాటి దోనె ఉండేది. ఈ వాగును వరదలో దానితోనే దాటేవాళ్లం, ఎక్కడ దింపాలో, ఎక్కడ తేలాలో మా ఆయనకు తెలుసు. మోటారు బోటు వచ్చింది కదా, దోనెలు ప్రమాదం అని మా దోనెను ట్రాక్టరుకు కట్టి ఈడ్చుకుపోయారు. అది మండలాఫీసు వెనక బోర్లా పడి ఉంది. కోళ్లు దాని కింద పడుకుంటున్నాయి.

సారు పూరీ మింగి, "గా ముచ్చట ఇప్పుడెందుకు పగిడయ్యా, కూసో" అన్నాడు.

తరువాత వనజకు మాట పడిపోయింది. తరువాత ఊపిరి ఆడలేదు. నోటితో గాలి ఊదాను. శివ ఇంకా తాడు లాగుతూనే ఉన్నాడు. ఆపరా అని మా ఆయన అరిచేదాకా లాగాడు. అవతల ఆ దీపం తిరుగుతూనే ఉంది.

వాన మొదలైంది. అనిల్‌కుమార్ సారు రేవు దగ్గర కట్టిన ఫ్లెక్సీ ఊడదీయించి నా బిడ్డ మీద కప్పించాడు. బోటు ప్రారంభోత్సవం ఫ్లెక్సీ అది. దాని మీద ఎమ్మెల్యే చెంచురామయ్య గారు రెండు చేతులు జోడించి నవ్వుతున్నారు. నా బిడ్డ ముఖం మీద ఆయన నవ్వు వచ్చింది. నేను దాన్ని లాగి బురదలో పడేశాను. "గవర్మెంటు ఫ్లెక్సీ అమ్మా అది" అన్నాడు సారు.

మర్నాడు మట్టి చేసి వస్తుంటే రేవులో జనం ఉన్నారు. బోటు కంపెనీ నుంచి హాతీరాం అనే మెకానిక్ వచ్చాడు. మోటారు చూసి గుట్కా ఉమ్మి, "దీని తాడేది?" అన్నాడు. లాగే తాడు శివ చూపించాడు. "అది కాదురా భయ్, ఎర్ర తాడు. మెలికలు మెలికలుంటది. గా తాడు కొసకున్న క్లిప్పు ఈ బొత్తాం కింద పెడితెనే మోటారు లేస్తది. మనిషి నీళ్లల్ల పడితె క్లిప్పు ఊడి మోటారు బందైతది." సంచిలోంచి కొత్తది తీసి పెట్టాడు. ఒక్కసారి లాగాడు. మోటారు లేచింది.

జనం చప్పట్లు కొట్టారు. నా చేతులకు బిడ్డను పెట్టిన మట్టి ఇంకా ఉంది. వాళ్లు చప్పట్లు కొట్టారు.

"క్లిప్పు లేకుంటె నవారో దారమో ఏదో ఒకటి బొత్తాం కింద గట్టిగ చుట్టినా నడిచేది, ఇంతే ముచ్చట" అని నవ్వాడు హాతీరాం. నవారు ముక్క నా బిడ్డ కాలికే ఉంది. దానితోనే మట్టిలో పెట్టి వచ్చాం.

కొత్త తాడు చూడగానే నాకు గుర్తొచ్చింది. పాతది ఎక్కడికి పోయిందో నాకు తెలుసు. వానలకు ముందు బోటు ప్రారంభానికి మా ఊరి ఆడవాళ్లందరినీ రమ్మన్నారు. పళ్లెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, కత్తెర అన్నీ ఉన్నాయి. నేను ముందు వరుసలో ఉన్నాను. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

చెంచురామయ్య గారు కత్తెర పట్టుకుని, "ఏవయ్యా, రిబ్బనేదీ?" అన్నారు.

"కత్తెర తెచ్చినం సార్, రిబ్బన్ మరిసినం" అన్నాడు అనిల్‌కుమార్ సారు.

"బాగుందయ్యా మీ సంబడం! ముహూర్తం దాటిపోతోంది."

సారు అటూ ఇటూ చూసి మోటారుకున్న ఎర్ర తాడు పీకాడు. "గిదిగో సార్, ఎర్రగ కొత్తగున్నది."

"ఇది దేనికో?"

"సోకుకు పెట్టిండ్రు సార్ కంపెనోళ్లు."

ఇద్దరు మెలికలు సాగదీసి పట్టుకున్నారు. ఆయన కోశారు. ఫొటో తీశారు. వాగులో నీళ్లు లేవని మోటారు నడపలేదు. ఒక ముక్క బురదలో పడింది. క్లిప్పు ఉన్న ముక్క బాగుందని చెంచురామయ్య గారు కారు అద్దానికి వేలాడదీసుకున్నారు. పెద్దకర్మ నాటికి వాగు తగ్గింది, మా ఇంటికి ఆ కారులోనే వచ్చారు, నేను చూశాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి ఓదారుస్తుంటే అద్దం కింద ఆ ఎర్ర ముక్క ఊగుతోంది. పక్కకు పోయి వాంతి చేసుకున్నాను. బిడ్డ పోయిన దుఃఖం అనుకున్నారు అందరూ. అది దుఃఖం కాదు. వెళ్లి ఆ కారు చూడండి మేడమ్, తీసేయకముందే.

నేను అడిగేది ఇంతే. ఆ మొదటి కాగితంలో జాప్యం అనే మాట కొట్టేయండి. నా బిడ్డ పనిలో ఏనాడూ జాప్యం చేయలేదు, దాన్ని రేవుకు తేవడంలో మేమూ చేయలేదు. మోటారు తాడును రిబ్బన్ అని కోశారు, అందుకే బోటు కదల్లేదు, అందుకే వనజ చచ్చిపోయింది అని రాయండి. మా దోనె మాకు ఇప్పించండి. వచ్చే ఏడు కూడా గోదావరి ఎగదన్నుతుంది.

ఈ కాగితంలో ఉన్నది నేను చూసింది, విన్నది. ఎవరూ చెప్పి రాయించలేదు. నా బిడ్డను పెట్టిన మట్టి తోడు, ఇందులో ఒక్క అబద్ధం లేదు. వేలిముద్ర వేయను, నా పేరు నేనే రాస్తున్నాను.

సున్నం కన్నమ్మ

మేడమ్, ఇంకో మాట. నేను మెల్లగా రాస్తున్నానని మీరు పొద్దుటి నుంచి నా ఎదురుగానే కూర్చున్నారు. మీ అన్నం డబ్బా మూత తీయలేదు. వనజ ఉంటే ఊరుకునేది కాదు. ఇది తరువాత చదువుకోవచ్చు. ముందు చెయ్యి కడుక్కుని కడుపునిండా తినండి.