సున్నం పెట్టిన చెట్లు

కావేరిపట్టణం దగ్గర సోమప్ప మామిడితోట. ఏటా గుజ్జు ఫ్యాక్టరీకి తోతాపురి కాయ కొనే తిమ్మరాజు వచ్చి కూర్చున్నాడు. అతని మనిషి మాదప్ప సున్నం బకెట్టుతో చెట్ల మధ్య తిరుగుతున్నాడు.

“కోసిన ముక్క అట్లే ఉండాదే తిమ్మరాజూ. ఉప్పూ కారం చాల్లేదా?”

“సరిపోయిందన్నా.”

“మరి తిను. కాయ కొరికి చూడకుండా ఏ ఏడన్నా రేటు చెప్పినావా? మా నాయన కాలంనించీ అదే కదా మర్యాద.”

“తినబుద్ధి కాదు.”

“ఒంట్లో బాగలేదా? సగమైపోయినావు.”

“ఒళ్ళు తగ్గేదానికి వారానికొక సూది వేసుకుంటా ఉండాను. అదేసుకున్నాక తీపి జోలికే పోబుద్ధి కాదు.”

“పెండ్లిండ్లలో పాయసం మూడుసార్లు పోయించుకునేటోడివి.”

“నేనొక్కన్నేనా? హోసూరులో మా వీధిలో సగంమంది అంతే. జ్యూసు కంపెనీలోళ్ళూ అదే అంటా ఉండారు, తాగేవాళ్ళు తగ్గినారని. పోయినేటి గుజ్జు డ్రమ్ములు ఇంకా గోడౌన్లోనే ఉండాయి.”

“ఎండ ముదరనీ. అందరూ మళ్ళా జ్యూసుకే వస్తారు.”

“ముదిరిందన్నా.”

“సరేలే. మాదప్పా, ఆ మూల చెట్టు వదిలేసినావే. మా నాయన నాటింది. దానికీ పెట్టు సున్నం.”

“అన్నా, కొంచెం ఉండు.”

“ఉండేదేంది? ముందు కోసే చెట్లకే కదా ఏటా గుర్తు పెడతారు. ఈ తడవ అన్నిటికీ పెడతా ఉండాడు. నువ్వేమో రేటు తగ్గించేదానికి నన్ను భయపెడతా ఉండావు.”

“భయపెట్టేది కాదు. తోటంతా కావాల.”

“అట్ల చెప్పు. ఈ ఏడు కాయకు ఎవరూ రారేమోనని మా ఇంటామె నంజమ్మకు నిద్ర లేదు.”

“రక్షిత్ యాడ?”

“బర్గూరు పోయినాడు. నువ్వొస్తావని వాడే చెప్పినాడు.”

“ఇంకేం చెప్పలేదా?”

“కన్నకొడుకు నాకు చెప్పనిది ఏముంటాది? అదేందప్పా, మాదప్ప టేపుతో మాను కొలుస్తా ఉండాడు? కాయకు మాను కొలత ఎందుకు?”

“నీ ముందర కొలవద్దని వానికి చెప్పింటినే.”

“తిమ్మరాజూ. ఎందుకు?”

“ఈ ఏడు ఫ్యాక్టరీ తెరవరన్నా. నేనిప్పుడు కట్టె కొంటా ఉండాను. రంపం లారీలో ఉండాది. రక్షిత్ ఒప్పుకున్నాడు.”

“వాడు... అన్నీనా?”

“ఆ మూల చెట్టొక్కటి నీకోసం వదిలెయ్యమన్నాడు. దానికి నువ్వే సున్నం పెట్టించినావు.”