గేటు దాక పోయిన కాయితం

1961 ఎండాకాలం. జడ్చర్ల పత్తి గిర్ని గేటుకు ఎదురుగా యూనియన్ గది. కార్యదర్శి గుర్వయ్య కాయితాల పెట్టె ముందు కూర్చొని, తాళం తీయకుండా తాళంచెవిని ఊరికే తిప్పుతున్నాడు. పన్నెండు రోజుల కింద గిర్నిలో చనిపోయిన కురుమయ్య భార్య సోమమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"కూసో సోమమ్మా. ఎండల వడి వచ్చినవు."

"కూసోనీకె రాలే గుర్వన్నా. కాయితం చూడనీకె వచ్చిన."

"ఏం కాయితం?"

"మా ఆయన ఏలుముద్ర ఏసి ఇచ్చింది. మిషిని మీద తిరిగే పట్టాకు అడ్డం ఇనుప జాలి లేదు, ఎవన్నో ఒకన్ని గుంజుకుంటదని నీతోనే రాపిచ్చింది. దీపావళి ముంగట."

"చాయ్ చెప్తా?"

"కాయితం."

"ఎతకాలె. పెట్టె నిండ కాయితాలే."

"తాళం నీ చేతిలనే ఉన్నది."

"ఉన్నది. నిన్న పదకొండోనాడు గద. రావాల్నని అనుకున్న. జర పనివడ్డది."

"గిర్ని దిక్కెల్లి ఎవలు రాలే."

"నీ చేతికి గాజులు గట్లనే ఉన్నయేంది సోమమ్మా?"

"ఉన్నయి. పెట్టె తియ్యి."

"తీస్తున్న... ఇగో. ఇదే."

"ఏలుముద్రల దూది పోగు అతుక్కున్నది సూడు. పనిమీంచి నేరుగ నీ తానకే వచ్చిండు ఆ దినం."

"అవు. కాళ్ళు గూడ కడుక్కోలే."

"మేనేజరుకు ఇయ్యలే నువ్వు."

"ఇయ్యాల్ననే పోయిన. జేబుల పెట్టుకొని గేటు దాక పోయిన."

"గేటు దాక."

"సోమమ్మా, కాయితం మీద పేరేంది?"

"నాకు చదువొస్తదా? ఆయన పేరే ఉంటది. కురుమయ్య."

"గిర్ని హాజరు పుస్తకంల కురుమయ్య ఉన్నడా?"

"నాలుగేండ్లు చేసిండు."

"చేసిండు. హాజరుల ఉన్నడా అని అడుగుతున్న."

"లేడు. హాజరుల మా బావ పేరున్నది. కాటమయ్య. గేటుకాడ చూపిచ్చే ఇత్తడి బిల్ల ఆయనది. దూది రొమ్ముల చేరి దమ్ము వట్టె, బిల్ల ఊకె పోతదని తమ్మున్ని పంపె. నీకు ఎరుకలేదా?"

"నాకే కాదు, అందరికెరుకే. గిర్నిల సగం మంది గట్లనే. అన్న బిల్ల మీద తమ్ముడు, మామ బిల్ల మీద అల్లుడు."

"మరి యూనియన్ల ఆయన పేరెందుకు రాస్తివి? కాటమయ్యనే రాసుకోమని ఆయన చెప్పిండు గద."

"నేనే వద్దన్న. యూనియన్ల దొంగ పేరెందుకు, నీ పేరు నువ్వు చెప్పుకో అన్న."

"ఆ పొద్దు ఇంటికొచ్చి నవ్విండు. ఆడ ఒక్కకాడనే నన్ను కురుమయ్య అంటరే అన్నడు."

"గందుకే గేటుకాడ ఆగిన. ఈ కాయితం ఇస్తే రెండోనాడే అడుగుతరు, కురుమయ్య ఎవడని. బిల్ల గుంజుకుంటుండ్రి. మీ ఇంట్ల పొయ్యి ఆరుతుండె. పత్తి సీజన్ అయినంక చూద్దామనుకున్న."

"సీజన్ అయిపోయింది."

"అయిపోయింది."

"ఇంగొకని పేరు మీద రాయకపోతివా? జాలి అందరికి గావాలె గద."

"ఇద్దర్ని అడిగిన. మాకెందుకన్నరు."

"మూడో మనిషిని?"

"అడగలే."

"మంచిగున్నది."

"తిట్టు సోమమ్మా. నాలుగు తిట్టు."

"తిట్టనీకె చాత గాదు. గిర్నోళ్ళు ఏం రాసిన్రో చెప్పు."

"కాటమయ్య సచ్చిండని రాసిన్రు."

"ఎట్ల సచ్చిండని?"

"ఎందుకిప్పుడు..."

"ఎట్ల?"

"తాగొచ్చి పట్టా మీద పడ్డడని."

"ఆయనకు కల్లు వాసనే పడదు. పెండ్లిలల్ల గూడ లేచి దూరం పోయి కూసుంటుండె."

"నాకెరుకే."

"నీకు అన్ని ఎరుకే."

"తాగి పడ్డడంటే తప్పు ఆయనదే అయితది. పిల్లలకు ఒక్క పైస రాదు, పట్టాకు జాలి రాదు. ఎల్లుండి పాలమూరు కెల్లి ఇన్‌స్పెక్టర్ వస్తున్నడు. ఎదురు కాయితం పెట్టాలె. సచ్చినోని పెండ్లాం ముద్ర ఎయ్యాలె, యూనియన్ ఎనక నిలవడాలె."

"నేనే పెండ్లాన్ని."

"హాజరు ప్రకారం నువ్వు కావు. కాటమయ్య పెండ్లాం నర్సింగమ్మ."

"మా అక్క."

"మీ అక్క మొగడు బతికే ఉన్నడు. ఇన్‌స్పెక్టర్ ఇంటికొచ్చి చూస్తడు. దగ్గుకుంట బావ మంచంల, పుస్తె గాజులతోని అక్క. ఏమని చెప్పాలె? గందుకే అయ్యే పని కాదంటున్న. ఊకె ఉండు. అసలు పేరు బయటికొస్తే బావను జైల్ల ఏస్తరు."

"ఊకెనే ఉన్నం గద దీపావళి కెల్లి."

"మరి నన్నేం జెయ్యమంటవు?"

"రాయి గుర్వన్నా."

"ఏమని?"

"కాటమయ్య తాగడు, పట్టాకు జాలి లేక సచ్చిండు అని. కింద నర్సింగమ్మ పేరు."

"పైసలొస్తే ఆమె చేతికొస్తయి. నీ చేతికి రావు."

"మాది ఒక్కటే పొయ్యి. నువ్వు రాయి."

"ఆమె ఒప్పుకోవాలె గద. బతికున్న మొగన్ని సచ్చిండని ఏ ఆడిది ముద్ర ఏస్తది?"

"బయట అరుగు మీద కూసున్నది. నాతోనే నడిచొచ్చింది. అక్కా, లోపటికి రా."

"దండం గుర్వన్నా. ఏ ఏలు పెట్టాలె?"

"నర్సింగమ్మా... నీ చేతులు... నీ నొసలు..."

"నిన్న పదకొండోనాడు గద అన్నా. వాడోళ్ళందరి ముంగటనే గాజులు, బొట్టు తీసిన్రు."

"వాడంత ఒప్పుకున్నదా?"

"సగం ఇండ్లల్ల పరాయి బిల్లలే. ఎవలు నోరు తెరుస్తరు?"

"కాటమయ్య ఏడున్నడు?"

"అది సోమమ్మను అడుగు. నేను చెప్పరాదు ఇప్పుడు."

"చెప్పు సోమమ్మా. బావ ఏడి?"

"ముందు చెప్పు, ఈసారి గేటు దాటుతవా?"

"దాటుత."

"మేనేజరు కురుమయ్య ఎవడని అడిగితే?"

"అడగడు గద. కాయితంల ఆ పేరే ఉండది."

"అడుగుతడు. ఇన్‌స్పెక్టర్ గూడ అడుగుతడు, కాటమయ్యకు తమ్ముడుండె గద, ఏడి అని. అప్పుడేం చెప్తవు?"

"నువ్వే చెప్పు."

"తెల్లారంగ మేస్త్రి ఎంట డ్యాం పనికి పోయిండని చెప్పు. నిన్న అక్క గాజులు బావ తన చేతులతోనే తీసిండు, ఇయ్యాల తట్ట నెత్తినవెట్టుకొని పోయిండు."

"దమ్ము మనిషి మట్టి మోస్తడా?"

"మోస్తనన్నడు. నీ పేరేందని మేస్త్రి అడిగితే కురుమయ్య అని చెప్పిండు. గందుకే నా గాజులు ఉంచుకోమన్నరు గుర్వన్నా. నా మొగడు బతికే ఉన్నడు."